వీఆర్ఎస్ తీసుకుని ప్రతిపక్షంలో చేరిన మా బాబాయి మీద పేపర్లో వరుస కథనాలు: నమ్మాలా, ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీ బాబాయి గ్రూప్-1లో చేరి, కన్ఫర్డ్ ఐఏఎస్ (రాష్ట్ర సర్వీసు నుంచి పదోన్నతి మీద వచ్చే ఐఏఎస్) అయి, సర్వీసు మిగిలి ఉండగానే వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ, తీసుకున్నారు. తర్వాత ప్రతిపక్ష పార్టీలో చేరారు. కండువా కప్పుకుని వారం తిరక్కుండానే ఒక పత్రికలో ఆయన పాత పోస్టింగుల మీద కథనాలు మొదలయ్యాయి. ఒక్కటీ రుజువు కాలేదు, కేసు కూడా లేదు. ఇంట్లో సగం మంది "నిప్పు లేనిదే పొగ రాదు" అంటున్నారు. మీరేమో ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నారు.

నేను పదకొండేళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఇలాంటి వార్తలు దిద్దాను, హెడ్డింగులు పెట్టాను. అందులో ఒకదాని గురించి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, అది కింద చెబుతాను. మీ బాబాయి మంచివారో కాదో నాకు తెలియదు. ఆ వార్త ఎలా తయారై ఉంటుందో మాత్రం చాలావరకు ఊహించగలను.

ముందు ఒక పని చేయండి. ఆ కథనాలన్నీ ముందు పెట్టుకుని, ప్రతి వాక్యంలో చివరి మాట కింద పెన్సిల్‌తో గీత గీయండి. తెలుగులో క్రియ చివర వస్తుంది కదా, మా వృత్తిలో దాగుడుమూతలన్నీ అక్కడే జరుగుతాయి. "కమీషన్లు తీసుకున్నారు" అని రాస్తే పేపరు రుజువు చూపించాలి. "కమీషన్లు తీసుకున్నట్లు తెలిసింది" అని రాస్తే ఏమీ చూపించక్కర్లేదని డెస్కులో ఒక నమ్మకం. తెలిసింది, సమాచారం, భోగట్టా, వినికిడి, ఆరోపణలున్నాయి, గుసగుసలు వినిపిస్తున్నాయి, చర్చనీయాంశమైంది, పలు అనుమానాలకు తావిస్తోంది. చదివేవాళ్ల కన్ను మనిషి పేరు దగ్గర ఆగుతుంది, కోట్ల అంకె దగ్గర ఆగుతుంది. చివరి మాట దగ్గరకు వచ్చేసరికి మనసులో బొమ్మ కట్టేసి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. చదవరని మాకు తెలుసు.

"ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి" అనే మాట కనిపిస్తే ఇంకాస్త జాగ్రత్త. ఎవరు ఆరోపించారో పేరుండదు. చాలాసార్లు ఆ వెల్లువ నిన్న మా పేపర్లో వచ్చిన వార్తే. మొదటి రోజు "తెలిసింది" అని రాస్తాం. రెండో రోజు "ఈ వ్యవహారం జిల్లాలో కలకలం రేపింది" అని రాస్తాం. మూడో రోజు ఎవరో ఒక నాయకుణ్ణి అడిగి "విచారణ జరిపించాలి" అనిపిస్తాం. నాలుగో రోజుకు అది "వెల్లువెత్తుతున్న ఆరోపణలు" అవుతుంది. నాలుగు రోజుల్లో కొత్తగా తెలిసిందేమిటంటే, ఏమీ లేదు.

ఇక నా కథ. ఏ జిల్లా, ఏ పార్టీ, ఏ పేపరు అన్నది రాయను. అప్పట్లో ఒక సీనియర్ అధికారి ఇలాగే వీఆర్ఎస్ తీసుకుని ప్రతిపక్షంలో చేరారు. మూడో రోజు సాయంత్రం రిపోర్టర్ నుంచి కాపీ వచ్చింది. ఆయన పనిచేసిన శాఖలో ఒక భూమి కేటాయింపు ఫైలు గురించి. కాపీతో పాటు నోట్ ఫైలు (ఫైల్లో అధికారులు తమ అభిప్రాయాలు, ఆదేశాలు రాసే భాగం) జిరాక్సులు రెండు పేజీలు ఉన్నాయి, 14, 15. పద్నాలుగో పేజీలో కింది స్థాయి నుంచి ప్రతిపాదన, పదిహేనులో దాన్ని సమర్థిస్తూ ఒక పేరా, అడుగున ఆయన సంతకం. చూడగానే ఆయనే ఆమోదించినట్టు కనబడుతుంది.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైలు ఎలా నడుస్తుందో తెలిసిన ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం, తర్వాతి పేజీ ఏదని. నాకూ వచ్చింది. మా నాన్న రెవెన్యూలో సీనియర్ అసిస్టెంటుగా చేశారు, నోట్ ఫైలుకీ, ఉత్తరాలుండే కరెంట్ ఫైలుకీ తేడా నాకు చిన్నప్పుడే తెలుసు. డెస్క్ ఇన్‌చార్జిని అడిగాను. "మనం ఆయన తిన్నాడని రాయలేదు కదయ్యా, ఆరోపణలు అనే కదా రాశాం, పైగా కాగితం ఉంది" అన్నారు. "ఆయన వెర్షన్ తీసుకున్నారా?" అని రిపోర్టర్‌కు ఫోన్ చేస్తే, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి చేశాను, ఎత్తలేదన్నాడు. జిల్లా ఎడిషన్ పేజీలు వదిలే టైము దగ్గరపడుతోంది. "ఆయన అందుబాటులోకి రాలేదు" అని ఒక వాక్యం చేర్చి, హెడ్డింగ్ నేనే పెట్టాను. "ఆ భూముల వెనుక ఆయనేనా?" అని. చివర ఆ ప్రశ్నార్థకం పెట్టినప్పుడు నేను చాలా న్యాయంగా ఉన్నానని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అదే విచిత్రం.

రెండు రోజులకు ఆయన రిజాయిండర్, అంటే ఖండన లేఖ, పంపారు. మూడు పేజీలు. దానికి జతగా పదహారో పేజీ నకలు. పదిహేనో పేజీ అడుగున ఉన్న సంతకం ఆమోదం కాదు, చదివి తర్వాతి పేజీకి వెళ్లినట్టు పెట్టిన పొట్టి సంతకం. పదహారులో ఆయన రాసింది వేరే: ఈ కేటాయింపు మీద న్యాయ అభిప్రాయం తీసుకున్న తర్వాతే ఫైలు పెట్టండి అని. ఆ తర్వాత ఆయన బదిలీ అయ్యారు. భూమి ఇచ్చింది తర్వాత వచ్చినవాళ్లు.

మేం ఏం చేశామంటే, ఆ మూడు పేజీల్ని నాలుగు లైన్లు చేసి లోపలి పేజీలో "వివరణ" అని వేశాం. మొదటి వార్త అయిదు కాలమ్‌లు, ఫొటోతో. వివరణ ఒక్క కాలమ్, టెండరు నోటీసు పక్కన. పదహారో పేజీ సంగతి ఆ నాలుగు లైన్లలో పట్టలేదు. పట్టించాలని నేను గట్టిగా పట్టుబట్టలేదు కూడా. కొత్తగా పెళ్లయింది, ఉద్యోగం కావాలి. దీన్ని సాకుగా చెప్పడం లేదు, ఆ రోజు నా బుర్రలో ఉన్న లెక్క ఇదే.

ఆ రెండు పేజీలు రిపోర్టర్‌కు ఎవరిచ్చారు? అడగలేదు. కానీ ఫైలు ఆఫీసులో ఉంది, ఆఫీసు ప్రభుత్వం చేతిలో ఉంది. మొత్తం ఫైలు చూసినవాళ్లే 14, 15 తీసి, 16 వదిలేయగలరు. అందుకే మీ బాబాయి మీద వచ్చిన కథనాల్లో కాగితం ఫొటో ఉంటే, అది ఫైల్లో ఎన్నో పేజీ, దాని ముందూ వెనకా ఏముందని ఆయన్నే అడగండి.

"ప్రతిపక్షంలో చేరిన వారంలోపే పాత పాపాలు బయటపడటమేంటి?" అని మీరు రాశారు. ఆ అనుమానం న్యాయమైనదే కానీ దాన్ని మరీ సాగదీయొద్దు. టైమింగ్ చెడ్డదైనంత మాత్రాన వార్త అబద్ధం కాదు. నిజంగా తిన్నవాళ్లు కూడా పార్టీ మారగానే కక్ష సాధింపు అంటారు. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, పత్రికలు కావాలనే వాటిని కలిపేస్తాయి. ఒకటి, ఆ అధికారి సర్వీసులో ఉండగానే పార్టీతో మాట్లాడుకున్నారా? రెండు, ఆయన అప్పటివరకు చేసిన పనులన్నీ పార్టీ కోసం చేసినవేనా? మొదటిదానికి అవుననే జవాబు వస్తే రెండోది దానంతటదే రుజువైపోయినట్టు రాస్తారు.

దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరది కాదు, బ్రిటన్‌ది. సూ గ్రే అని అక్కడి సీనియర్ సివిల్ సర్వెంటు. కోవిడ్ ఆంక్షల కాలంలో ప్రధాని కార్యాలయంలో జరిగిన విందు పార్టీల మీద విచారణ జరిపి 2022 మే నెలలో నివేదిక ఇచ్చారు. అప్పుడు ప్రధాని బోరిస్ జాన్సన్. 2023 మార్చి 2న ఆమె రాజీనామా చేశారు. ప్రతిపక్ష లేబర్ పార్టీ నేత కీర్ స్టార్మర్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా వెళ్తున్నారని బయటికి రాగానే జాన్సన్ మద్దతుదారులూ వాళ్లను బలపరిచే పత్రికలూ ఆ పాత నివేదికే లేబర్ పార్టీ కుట్ర అన్నారు. ఎనభైల్లో ఆమె సెలవు పెట్టి ఉత్తర ఐర్లండ్‌లో పబ్ నడిపారు కాబట్టి గూఢచారి అయి ఉంటారన్న పాత పుకారు కూడా మళ్లీ చక్కర్లు కొట్టింది. అది నిజం కాదని ఆమే చెప్పారు.

ఇందులో ఏది నిలిచిందో చూడండి. ఆ విందులకు సంబంధించి 126 జరిమానాలు వేసింది లండన్ పోలీసులు, ఆమె కాదు. జాన్సన్ పార్లమెంటును తప్పుదారి పట్టించారని 2023 జూన్‌లో తేల్చింది పార్లమెంటు హక్కుల కమిటీ. తమ విచారణ సూ గ్రే నివేదిక మీద ఆధారపడింది కాదని ఆ కమిటీ ముందే చెప్పింది. పదవి వదిలినవాళ్ల కొత్త ఉద్యోగాలను పరిశీలించే సలహా కమిటీ ఒకటి అప్పట్లో ఉండేది. సర్వీసులో ఉండగా ఆమె నిష్పాక్షికత దెబ్బతిన్నట్టు ఆధారం కనబడలేదని అది చెప్పింది. అయినా పదవి వదిలాక ఆరు నెలలు ఆగి చేరాలని సూచించింది. ఆమె సెప్టెంబరులోనే చేరారు. అంటే రెండో ప్రశ్నకు ఆధారం దొరకలేదు.

మొదటి ప్రశ్న మాత్రం అంత శుభ్రంగా తేలలేదు. లేబర్‌తో జరిగిన సంప్రదింపుల్ని ఆమె పైవాళ్లకు తెలపలేదని, ప్రాథమికంగా చూస్తే సివిల్ సర్వీసు నియమావళిని ఉల్లంఘించినట్టేనని అక్కడి కేబినెట్ ఆఫీసు విచారణ తేల్చింది. అప్పుడున్నది ఆమె వ్యతిరేకుల ప్రభుత్వమే కదా అని లేబర్ వాళ్లు దాన్ని కొట్టిపారేశారు. నాకైతే అది అడగదగ్గ ప్రశ్నే. కానీ ఎప్పుడు మాట్లాడిందన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన, అంతకు ముందు రాసిన నివేదిక దొంగదైపోదు.

మన దగ్గర ఆగాల్సిన ఆరు నెలలు కూడా లేవు. అఖిల భారత సర్వీసు (ఐఏఎస్, ఐపీఎస్ లాంటివి) అధికారి పదవి వదిలిన ఏడాదిలోపు ప్రైవేటు కంపెనీలో చేరాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, పార్టీలో చేరడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. ఎన్నికల్లో నిలబడే అధికారులు పదవి వదిలాక కొంతకాలం ఆగేలా విరామ కాలం పెట్టాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2022లో తోసిపుచ్చింది, అది ప్రభుత్వమూ చట్టసభా చూసుకోవాల్సిన విషయమని చెప్పింది. మనకు తెలిసిన ఐపీఎస్ అధికారుల్లోనే వి.వి. లక్ష్మీనారాయణ 2018లో పదవి వదిలి 2019 ఎన్నికల ముందు జనసేనలో చేరారు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2021 జులైలో వీఆర్ఎస్ తీసుకుని మరుసటి నెలలోనే బీఎస్పీలో చేరారు. కాబట్టి మీ బాబాయి చేరడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. విరామ కాలం ఉంటే మంచిదని నా అభిప్రాయం, ఆయన కోసం కూడా. ఆ గ్యాప్ లేకపోవడం వల్లే మా రిపోర్టర్లకు పని దొరుకుతుంది.

అయితే అఖిల భారత సర్వీసుల 1968 నాటి ప్రవర్తనా నియమాల్లో అయిదో నియమం ప్రకారం సర్వీసులో ఉండగా రాజకీయాల్లో పాల్గొనకూడదు. అందుకే ఆయన్ని మీరు ఒక ప్రశ్న అడగాలి, కాస్త కష్టమైనా సరే: "బాబాయ్, పార్టీవాళ్లతో మొదటిసారి ఎప్పుడు మాట్లాడావు?" ఆయన చెప్పే తేదీ వీఆర్ఎస్ ఆమోదానికి తర్వాతదైతే సగం కథనాలు అక్కడే పడిపోతాయి. ముందుదైతే, అది పేపరువాళ్లు కనిపెట్టకముందే ఆయనే చెప్పేయడం మేలు. కోపం వస్తుంది, రానివ్వండి.

అదే నియమాల్లో పదిహేడోది మీ ఇంట్లో "అప్పుడే ఎందుకు మాట్లాడలేదు" అనేవాళ్లకు చూపించండి. సర్వీసులో ఉన్న అధికారి తన అధికారిక పని మీద పరువు తీసే రాతలొస్తే, ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టుకో పత్రికకో వెళ్లడానికి వీల్లేదు. అంటే ఏళ్ల తరబడి ఆయన నోరు కట్టేసి ఉంది. పాత విషయాలకు అప్పట్లో ఆయన ఖండన ఇవ్వకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు. ఇప్పుడా కట్టు లేదు.

వీఆర్ఎస్ ఆమోదించేటప్పుడు విజిలెన్స్ కేసులు, శాఖాపరమైన విచారణలు పెండింగులో ఉన్నాయా అని చూస్తారు. మూడు నెలల నోటీసు ఉంటుంది. ఆ మూడు నెలల్లో ప్రభుత్వానికి కనబడని కుంభకోణం కండువా కప్పుకున్నాక కనబడితే, ఆ ప్రశ్న వేయాల్సింది ప్రభుత్వాన్ని కూడా. ఆమోదం పవిత్రతకు సర్టిఫికెట్టేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. రిటైరైన తర్వాత కూడా కేంద్రం అనుమతితో శాఖాపరమైన చర్య మొదలుపెట్టవచ్చు, కాకపోతే నాలుగేళ్ల కంటే పాత సంఘటనల మీద కుదరదు. క్రిమినల్ కేసుకు ఆ నాలుగేళ్ల అడ్డు లేదు. కాబట్టి కథనాల్లో చెప్పిన సంఘటనలు ఏ ఏడాదివో రాసి చూసుకోండి. ఆరోపణ నిజమని నమ్మే ప్రభుత్వానికి దారులున్నాయి. దారులుండీ ఒక్క నోటీసూ రాకుండా పేపర్లో మాత్రమే నడుస్తున్న విచారణను నేనైతే తేలిగ్గానే తీసుకుంటాను.

ఏం చేయాలన్నదానికి వస్తే, నేను లాయర్ని కాను. డెస్కులో మమ్మల్ని నిజంగా భయపెట్టేవి ఏవో మాత్రం చెప్పగలను. ప్రెస్‌మీట్ పెట్టి తిడితే మాకు సంతోషం, అదీ వార్తే. కోపంతో రాసిన ఆరు పేజీల ఉత్తరమూ భయపెట్టదు, కత్తిరించడం సులువు. ఎడిటర్ పేరిట, ఏ తేదీ, ఏ పేజీ, ఏ వాక్యం తప్పో ఒక్కొక్కటీ చూపిస్తూ, పక్కనే కాగితం నకలు పెట్టిన ఒకటిన్నర పేజీ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వస్తే అది నేరుగా పైకి వెళ్తుంది, లీగల్ వాళ్లు చూస్తారు. ఫైలు నకళ్లు ఆయన దగ్గర లేకపోతే సమాచార హక్కు కింద అడగండి, మొత్తం నోట్ ఫైలు, పేజీ నంబర్లతో సహా. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఎడిటర్ స్పందించకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉంది. మందలించడం, అభిశంసించడం వరకే దాని బలం, జరిమానా వేయలేదు, టీవీ చానళ్లు దాని పరిధిలోకి రావు. అయినా ఎడిటర్లకు అది చికాకే. పరువునష్టం దావా సంగతి లాయర్ చూడాలి. అధికారిక పనుల మీద వచ్చిన రాతలకు అధికారులు నష్టపరిహారం పొందడం కష్టమని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది, ఆర్. రాజగోపాల్ కేసులో. రాసింది అబద్ధమనీ, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారనీ చూపించాలి. పేపరు తగినంత పరిశీలించి రాశానని చూపిస్తే బయటపడుతుంది. ఆ "తగినంత పరిశీలన" అన్న చోటే మా ఎనిమిదిన్నర ఫోనూ, పదహారో పేజీ లాంటివీ ముఖ్యమవుతాయి. మీ బాబాయికి ఆ రోజుల్లో వచ్చిన మిస్డ్ కాల్స్ ఏవైనా ఉంటే చెరిపేయొద్దని చెప్పండి. క్రిమినల్ పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. వ్యంగ్యంగా అన్నా, ఇదో అదో అన్నట్టు రాసినా అది కూడా పరువునష్టం కావచ్చని అందులో వివరణ ఉంది. పాత చట్టంలోనూ ఉండేది. నేను ప్రశ్నార్థకం పెట్టిన రోజున అది చదివి ఉండలేదు.

ఆ అధికారి కేసు వేయలేదు. తర్వాత ఒకసారి ఒక మీటింగులో కలిశారు. నేనే వెళ్లి, ఆ హెడ్డింగ్ నాదని చెప్పాను. ఆయన గుర్తుచేసుకోవడానికి కాసేపు పట్టింది. హెడ్డింగ్ ఆయనకు గుర్తులేదు, ఫొటో గుర్తుంది. "ఏదో పెళ్లిలో తీసిన ఫొటో వేశారు, పక్కన మా ఆవిడ చెయ్యి సగం కనబడుతూ ఉంటుంది" అన్నారు. ఆ ఫొటో కత్తిరించింది నేనో ఇంకెవరో గుర్తుకు రాలేదు.

ఇంట్లో వాదించేవాళ్లకు జవాబు చెప్పడం తర్వాత పెట్టుకోండి. మొదటి కథనం ఏ తేదీన వచ్చిందో మీరు రాయలేదు. దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ప్రచురించిన రెండు నెలల్లోపు వెళ్లాలి, అంతకు ముందే ఎడిటర్‌కు రాసి ఉండాలి. సివిల్ దావాకు ఏడాదే గడువు. ముందు ఆ తేదీ చూసి ఇక్కడ రాయండి, ఉత్తరం చిత్తుప్రతి పెడితే దిద్దిపెడతాను.